షూ అటకెక్కించిన శీనుగాడికి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి మనసు ఊరుకోవట్లేదు. మా హైదరాబాద్‌లో హాఫ్ మారథాన్, అదే ఆ 21 కిలోమీటర్ల పరుగు, రెండు గంటల్లో అవ్వలేదని షూ అటక మీద పడేశావా! నాకు కోపం వచ్చింది. నీ మీద కాదురా, ఆ రెండు గంటల మీద. నువ్వు పరుగెత్తేది విజయవాడలో చదునైన రోడ్ల మీద. ఇక్కడేమో ఆగస్టు చివర, తెల్లారకముందే ఉక్కపోత, నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి దాకా ఎక్కి దిగే ఫ్లైఓవర్లు. అక్కడి లెక్క ఇక్కడెలా కుదురుతుంది?

మన వైజాగ్ అమ్మాయి జ్యోతి యర్రాజీ సంగతి చూడు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 100 మీటర్ల హర్డిల్స్ 13.09 సెకన్లలో పూర్తి చేసింది. అప్పటికి జాతీయ రికార్డు 13.38, అనురాధా బిస్వాల్ పేరు మీద 2002 నుంచి ఉంది. అయినా జ్యోతి టైమును రికార్డుగా ఒప్పుకోలేదు. వెనక నుంచి వీచే గాలి సెకనుకు 2 మీటర్లు మించకూడదని నియమం, ఆ రోజు 2.1 ఉంది. ఎంత బాధ! కానీ ఆ తర్వాతి నెలలోనే సైప్రస్‌లో 13.23తో రికార్డు తన పేరున రాయించుకుంది. తర్వాత 13 సెకన్ల లోపుకీ వచ్చింది. గాలి ఆమె చేతిలో లేదు, రోజూ చేసే ప్రాక్టీసు ఉంది. నీకు చెప్పాలనుకున్నది ఇదే.

కాబట్టి కొన్నాళ్లు గడియారం జోలికి పోకు. వారానికి నాలుగు రోజులు పరుగెత్తాలి, అంతే నీ గురి. ఎంత దూరం, ఎంత వేగం అని అడక్కు. మూడు రోజులు పక్కవాడితో ఆయాసం లేకుండా కబుర్లు చెప్పగలిగేంత మెల్లగా వెళ్లు. ఇది నీకు కష్టం, తెలుసు, ఎవరైనా దాటిపోతే ఆగలేవు. అయినా పోనివ్వు. ఆదివారం మాత్రం కాస్త ఎక్కువ దూరం. ప్రకాశం బ్యారేజీ దాదాపు 1.2 కిలోమీటర్లు, ట్రాఫిక్ మొదలవకముందే ఒకసారి పోయి వస్తే రెండున్నర దాకా అవుతుంది. మొదటి వారం అది చాలు. ఒళ్లు సహకరిస్తే ఇంకోసారి. మోకాలు నొప్పి అంటే ఆ రోజు నడువు, నడిచినా ఆ రోజు లెక్కలోకి వస్తుంది. వంటింట్లో క్యాలెండరు మీద టిక్కు పెట్టు, వదిన చూస్తూ ఉంటుంది కాబట్టి ఎగ్గొట్టలేవు.

దూరంగా ఒక ఈవెంటు కూడా ఉండాలిలే, లేకపోతే చలికాలంలో దుప్పటి వదలవు. వైజాగ్ నేవీ మారథాన్ మామూలుగా ఏడాది చివర్లో ఉంటుంది. పది కిలోమీటర్లకు పేరు ఇద్దాం, హాఫ్ వద్దు. అక్కడ కూడా టైము కోసం కాదు, మొదటి ఐదు కంటే చివరి ఐదు కాస్త వేగంగా పరుగెత్తాలి, అది మన పందెం. మొదట్లో ఆవేశపడకుండా ఉంటే చాలు, ఎండ కాసినా ఉప్పుగాలి కొట్టినా అది సాధ్యమే. నేనూ నీ పక్కనే ఉంటాను.

ఏ నాలుగు రోజులో తేల్చుకుని వెంటనే రాయి. సోమవారం వద్దు, నీకు ఆఫీసు టెన్షన్ ఆ రోజే ఎక్కువ.

నీ
రవి