ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్ అన్న బోర్డే మంచిది

ఒరేయ్ సుబ్బూ,

నీ ఉత్తరం అంది ఇరవై రోజులు దాటింది, ఆలస్యానికి కోప్పడకు. ఇక్కడ అందరం కులాసా. నాన్నగారి కంటి ఆపరేషన్ అయింది, చూపు బాగుంది. పిన్ని ఆవకాయ ఇంకా పంపలేదు, రాగానే నీ వాటా నీకు. మిగతా కబుర్లన్నీ తర్వాత. ఆ రెండు బోర్డుల సంగతి ముందు చెప్పకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

రెండు గంటలు కరెంటు పోయి వచ్చాక, డీఎస్3231 అనే గడియారం చిప్ తగిలించిన రాస్ప్‌బెర్రీ పై (ఆ బుల్లి కంప్యూటర్ బోర్డు) రెండు గంటల వెనక టైము చూపించిందనీ, ఇంకో గడియారం చిప్ పీసీఎఫ్8523 ఉన్నది మాత్రం "ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్" అని మొరాయించిందనీ రాశావు. మొదటిది కాస్త స్లో, రెండోది చచ్చింది, వాపసు ఇచ్చేస్తా అన్నావు. ఇవ్వకురా బాబూ! నువ్వు సరిగ్గా తలకిందులుగా అర్థం చేసుకున్నావు.

మొదటిది స్లో కాదు. డీఎస్3231లో ఉష్ణోగ్రతను బట్టి సర్దుకునే ఆసిలేటర్, అంటే టిక్కులు కొట్టే భాగం ఉంటుంది. 0 నుంచి 40 డిగ్రీల మధ్య దాని తేడా 2 పీపీఎమ్ (పది లక్షల్లో రెండు వంతులు), అంటే ఏడాదికి నిమిషం చొప్పున. ఆ లెక్కన రెండు గంటలు వెనకబడాలంటే వందేళ్ళ పైనే పట్టాలి. జరిగింది వేరు. సెల్ నీరసించింది. కరెంటు పోగానే ఆసిలేటర్ ఆగింది, రిజిస్టర్లలో (చిప్ లోపలి చిన్న అరల్లో) అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే నిలిచాయి. కరెంటు రాగానే అక్కడి నుంచే మళ్ళీ లెక్క మొదలైంది. మన మెస్ గడియారం గుర్తుందిగా, ఏడుంబావు దగ్గర ఆగింది! కొత్త సెల్ వేసేవాళ్ళు, ముళ్ళు తిప్పేవాళ్ళు కాదు. టిక్కుటిక్కుమంటుంటే ఎవడైనా నమ్ముతాడు. ఆ రోజు నువ్వు హాల్ టికెట్ పట్టుకుని... సరే, అది ఇప్పుడెందుకులే.

సెల్ పూర్తిగా చచ్చి, చిప్ కొత్తగా లేచి ఉంటే 2000 జనవరి 1 చూపించేది. అది నయం. సర్టిఫికెట్లు ఇంకా చెల్లవని ప్రతి సైటూ గోల పెడుతుంది, క్షణంలో పట్టుబడుతుంది. రెండు గంటల అబద్ధం అలా కాదు. గోడౌన్ లాగులన్నీ (టైము వేసి రాసుకునే రికార్డులు) వరసలోనే ఉన్నట్టు కనిపిస్తాయి, అన్నీ తప్పు. నాకు గుబులంతా దీని గురించే.

ఆ ఆగిపోవడాన్ని చిప్ రాసిపెట్టుకుంటుంది. హెక్స్ 0ఎఫ్ నంబరు స్టేటస్ రిజిస్టర్లో 7వ బిట్, ఓఎస్ఎఫ్, అంటే ఆసిలేటర్ స్టాప్ ఫ్లాగ్. ఆసిలేటర్ ఒక్కసారి ఆగినా అది 1 అవుతుంది, ఎవరో 0 రాసేదాకా 1గానే ఉంటుంది. డ్రైవర్ (చిప్‌తో మాట్లాడే ప్రోగ్రాం) ఎక్కకముందే ఐ2సీగెట్ కమాండ్‌తో బస్ 1, అడ్రస్ హెక్స్ 68లో ఆ రిజిస్టర్ చదువు. 08 వస్తే క్షేమం, 88 వస్తే ఆగిందన్నమాట. డ్రైవర్ ఎక్కాక ఐ2సీడిటెక్ట్‌లో 68 బదులు యూయూ (డ్రైవర్ వాడుకుంటోందని గుర్తు) కనిపిస్తుంది, ఐ2సీగెట్ కూడా బిజీ అని తిప్పి పంపుతుంది.

ఇక నువ్వు రాస్తున్న డ్రైవర్. ప్రోబ్ భాగం, అదే చిప్‌ను మొదట పలకరించేది, పాత ఆర్టీసీ-డీఎస్1307 డ్రైవర్ నుంచి ఎత్తానన్నావు చూడు, తేలు ఉన్నది అక్కడే. లినక్స్‌లో ఆ డ్రైవర్ డీఎస్3231ని కూడా నడుపుతుంది. చాలా ఏళ్ళపాటు అది ప్రోబ్‌లోనే ఓఎస్ఎఫ్ చూసి, "సెట్ టైమ్!" అని లాగులో ఒక్క వార్నింగ్ వేసి, ఆ బిట్‌ను తుడిచేసేది. తర్వాత ఎవరడిగినా, టైము చదివి ఇచ్చే రీడ్_టైమ్ భాగం ఆ తప్పు టైమునే ధీమాగా ఇచ్చేది. ఇంకోసారి రీబూట్ చేస్తే ఆ వార్నింగ్ కూడా ఉండేది కాదు. సాక్ష్యం పోయింది!

పీసీఎఫ్8523 డ్రైవర్ అలా చెయ్యదు. దాని సెకన్ల రిజిస్టర్లో 7వ బిట్ ఇదే పని చేస్తుంది. అది 1గా ఉంటే రీడ్_టైమ్ మైనస్ ఈఇన్‌వాల్ అనే ఎర్రర్ ఇచ్చి ఊరుకుంటుంది. నువ్వు చూసిన మాట అదే. నా దగ్గరున్న టైము నమ్మకు అని చెబుతోంది, అంతే! మందు కూడా చిన్నదే. సెల్ మార్చు, నెట్ పెట్టి టైమ్‌డేట్‌సీటీఎల్‌లో సింక్ అయిందని చూసుకో, ఆపైన సిస్టమ్ టైమును చిప్‌లో రాసే హెచ్‌డబ్ల్యూక్లాక్ మైనస్ డబ్ల్యూ కమాండ్ కొట్టు. సెకన్లు రాయడంతో ఆ బిట్ కూడా పోతుంది.

నీ దాంట్లో ఇలా మార్చు. ప్రోబ్ ఓఎస్ఎఫ్‌ను ముట్టుకోకూడదు, ఆ బిట్ ఉందని ప్రోబ్ ఫెయిల్ కూడా కాకూడదు. ఫెయిలైతే ఆర్టీసీ0 అనే గడియారం డివైసే పుట్టదు, టైము పెట్టే దారే మూసుకుపోతుంది. రీడ్_టైమ్‌లో స్టేటస్ చూడు, ఓఎస్ఎఫ్ ఉంటే మైనస్ ఈఇన్‌వాల్. టైము పెట్టే సెట్_టైమ్‌లో ముందు టైము రిజిస్టర్లు ఏడూ ఒకే బల్క్ రైట్‌లో, అంటే ఒక్క దెబ్బలో రాయి, ఆ తర్వాతే ఓఎస్ఎఫ్ తుడువు. ముందే తుడిచేసి, మధ్యలో కరెంటు పోయిందనుకో, మళ్ళీ ఏడుంబావే. తుడిచేటప్పుడు ఇంకొక్కటి. అదే రిజిస్టర్లో 0, 1 బిట్లు అలారం జెండాలు, మోగిందని చెప్పే గుర్తులు. వాటికి 1 రాస్తే ఉన్నదున్నట్టే ఉంటాయి, 0 రాస్తే పోతాయి. అందుకే అక్కడ 1లే రాయి. చదివి, మార్చి, తిరిగి రాసే సందులో అలారం మోగితే, చదివినప్పటి 0 దాన్ని మింగేస్తుంది.

చదవడం కూడా ఒకే బల్క్ రీడ్‌లో. ట్రాన్సాక్షన్ మొదలవగానే చిప్ టైమును పక్కన కాపీ చేసి పెట్టుకుంటుంది. విడివిడిగా అడిగితే 10:59:59 దగ్గర 59 సెకన్లు, 59 నిమిషాలు చదివేసరికి గంట 11 అయిపోయి, 11:59:59 చేతికొస్తుంది. నెల రిజిస్టర్లో 7వ బిట్ శతాబ్దానిది, దాన్ని తీసేశాకే బీసీడీ (ఒక్కో అంకెకు నాలుగు బిట్ల లెక్క) విప్పు. నెలలో 1 తగ్గించు, సంవత్సరానికి 100 కలుపు. ఇవి నీకు తెలిసినవే.

నీ భయం తెలుసు, ఎర్రర్ ఇస్తే బూట్ ఆగిపోతుందేమోనని. ఆగదు. హార్డ్‌వేర్ క్లాక్ చదవలేకపోయానని కెర్నల్ (లినక్స్ మూలభాగం) ఒక్క లైను రాసుకుని ముందుకు పోతుంది. ఎన్‌టీపీ (నెట్ నుంచి టైము తెచ్చే పద్ధతి) సింక్ అయ్యాక, సిస్‌టుహెచ్‌సీ (సిస్టమ్ టైమును చిప్‌కు రాసే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే, 11 నిమిషాలకోసారి కెర్నలే సెట్_టైమ్ పిలుస్తుంది. అప్పుడు టైమూ సరి, ఓఎస్ఎఫ్ కూడా సరి. ఎవరూ చెయ్యి పెట్టక్కర్లేదు. ఎంత బాగుంది చూడు!

సెల్ అంటే గుర్తొచ్చింది. నీది ఆ నీలం జెడ్ఎస్-042 మాడ్యూలేగా? అందులో 200 ఓమ్స్ రెసిస్టర్, ఒక డయోడ్ కలిపి చార్జింగ్ దారి ఉంటుంది, అది రీచార్జ్ అయ్యే ఎల్ఐఆర్2032 సెల్ కోసం పెట్టింది. నువ్వు వేసింది మామూలు సీఆర్2032 అయితే దానికి చార్జింగ్ పనికిరాదు, 5 వోల్టులిస్తే ఉబ్బొచ్చు. ఇవాళే ఆ రెసిస్టర్ ఊడదియ్యి. నిజంగా ఇవాళే. వదినకు కూడా చెబుతున్నా, గుర్తు చెయ్యమని.

అలారం పిన్ గురించి అడిగావు కదా, అది ఓపెన్ డ్రెయిన్, పుల్‌అప్ లేకపోతే... అరె, పోస్టు కట్టేసే వేళైంది. మిగతాది రేపు.

నీ
రాంబాబు