మనవరాలి డ్రాగన్, నా మోకాలి కట్టు

సంపాదకులకు,

మొన్న సెలవులకొస్తూ మనవరాలు 'ఐరన్ ఫ్లేమ్' అనే ఇంగ్లిష్ నవల తెచ్చింది. 2023 మేలో మొదటి భాగం, అదే ఏడాది నవంబర్‌లో ఇది! డ్రాగన్ల మీద స్వారీ నేర్పే సైనిక కళాశాల కథ. నిజం దాచావంటూ ప్రేమికుల తగువులు మాత్రం నాకు సాగదీతే అనిపించాయి. కానీ కథానాయిక వయొలెట్ కీళ్లు ఇట్టే పట్టు తప్పుతాయి. కట్లు బిగించుకుని మరీ డ్రాగనెక్కుతుంది. మోకాలికి క్రేప్ బ్యాండేజీ చుట్టుకుంటూనే ఆ పేజీలు చదివాను.

మా పిల్లకి ఒడియా, ఇంగ్లిష్ గడగడా వచ్చు. తెలుగే కూడబలుక్కోవాలి. గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరండీ మాది! మీ ఆదివారం అనుబంధంలో ఇలాంటి సాహస కథలు వాడుక తెలుగులో సీరియల్‌గా వేయండి. పేపరబ్బాయి సైకిల్ బెల్లు వినగానే నాకన్నా ముందు అదే గేటు దగ్గరికి పరుగెడుతుంది.

— ఒక రిటైర్డ్ టీచరమ్మ, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా