ఒక ప్రకటనను కాదన్నందుకు

సంపాదకులకు నమస్కారం.

ఎన్నికలు దగ్గరపడితే చాలు, పత్రికల్లో అభ్యర్థుల పొగడ్తలతో పేజీలు నిండిపోతాయి. అందులో ఏది విలేఖరి తిరిగి రాసింది, ఏది డబ్బిచ్చి వేయించుకున్నది అన్నది మామూలు పాఠకుడికి తేల్చుకోవడం కష్టం. ఎవరైనా అడిగితే ప్రకటనల విభాగం వేరు, సంపాదక విభాగం వేరు అంటారు. ఆ మాట ఒప్పుకోనందుకే నాజీల చేతుల్లో ప్రాణం పోగొట్టుకున్న ఒక కతోలిక గురువు (ఫాదర్) గురించి మీకూ, మీ పాఠకులకూ గుర్తు చేయాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఆయన పేరు టైటస్ బ్రాండ్స్‌మా. 1881లో నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్‌లాండ్ ప్రాంతంలో ఒక పాడి రైతు ఇంట పుట్టారు. కార్మెల్ సభ అనే కతోలిక సన్యాసుల సంఘంలో చేరి 1905లో గురుపట్టం పొందారు. నైమేగన్ కతోలిక విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం బోధించారు, దానికి రెక్టరుగానూ ఉన్నారు. మనం పట్టించుకోవలసింది మాత్రం ఆయన పత్రికల మనిషి కూడా అన్న సంగతి. ఒక స్థానిక పత్రికకు సంపాదకులుగా పనిచేశారు. 1935 నుంచి దేశంలోని కతోలిక పాత్రికేయులకు ఆధ్యాత్మిక సలహాదారు.

1940 మే నెలలో జర్మనీ ఆ దేశాన్ని ఆక్రమించింది. 1941 డిసెంబరు చివర్లో, డచ్చి నాజీ పార్టీ అయిన ఎన్‌ఎస్‌బీ ఇచ్చే ప్రకటనలను ఏ పత్రికా తిరస్కరించడానికి వీల్లేదని హుకుం జారీ అయింది. సంపాదకీయాలు రాయమనలేదు, డబ్బు తీసుకుని ప్రకటన వేయమన్నారు, అంతే. సరేననడానికి ఎన్ని సాకులైనా దొరికేవి: సిబ్బంది జీతాలు, పత్రిక మూతపడుతుందన్న భయం, అది మా మాట కాదు కదా అన్న ఊరట. బ్రాండ్స్‌మా ఏ సాకునూ ఒప్పుకోలేదు. ఉట్రెక్ట్ అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) యోహానెస్ డె యోంగ్ సమ్మతితో, డిసెంబరు 31న కతోలిక పత్రికలకు లేఖ రాశారు. ఇక్కడితో హద్దు వచ్చేసింది, ఆ ప్రకటనలను కాదనాల్సిందే, వేసిన పత్రికను ఇక కతోలిక పత్రికగా లెక్కించరు అన్నది దాని సారాంశం.

లేఖ పంపి ఊరుకోలేదు. అరవై ఏళ్ల వయసులో, ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్నా, జనవరి చలిలో ఊరూరూ తిరిగి సంపాదకులను స్వయంగా కలిశారు. ఈ పని ప్రమాదమని ఆయనకు ముందే తెలుసు. 1942 జనవరి 19న నైమేగన్‌లో అరెస్టు చేశారు.

షెవెనింగన్ జైలులో అధికారులు ఆయన చేతికి కాగితం ఇచ్చి, డచ్చివారు, ముఖ్యంగా కతోలికులు ఎన్‌ఎస్‌బీని ఎందుకు వ్యతిరేకిస్తున్నారో రాయమన్నారు. కారణాలన్నీ విడమరిచి రాసి, చివర్లో నెదర్లాండ్స్‌నూ జర్మనీనీ రెండింటినీ దేవుడు దీవించాలని కోరారు. కార్మెల్ సభకే చెందిన పునీతురాలు అవిలాపురి తెరేసమ్మ జీవితచరిత్ర కూడా అక్కడే మొదలుపెట్టారు. కాగితం అయిపోతే ఒక అచ్చు పుస్తకంలోని వరుసల మధ్య ఖాళీలో రాస్తూ పోయారు. రాతను ఆపడం ఆ జైలు వల్ల కాలేదు.

జూన్‌లో జర్మనీలోని డాకౌ నిర్బంధ శిబిరానికి తరలించారు. ఆ శిబిరంలో బంధించిన మతాచార్యులు 2,700 మందికి పైనే. వారిలో ఎక్కువమంది పోలండు కతోలిక గురువులు. వెయ్యిమందికి పైగా అక్కడే చనిపోయారు. బ్రాండ్స్‌మా కొద్ది వారాలకే శిబిరపు ఆస్పత్రి పాలయ్యారు. జూలై 26న డాక్టరు ఆజ్ఞపై ఒక నర్సు ఆయనకు విషపు సూది ఇచ్చింది. అంతకుముందు ఆయన తన జపమాలను ఆమెకిచ్చారు. నాకు ప్రార్థన చేయడం రాదని ఆమె అంటే, 'పాపాత్ములమైన మా కొరకు ప్రార్థించండి' అన్న ఒక్క ముక్క చాలన్నారట. ఈ సంగతి బయటపడింది ఆ నర్సు నోటినుంచే. ఏళ్ల తరవాత ఆయనను ధన్యునిగా (పునీత పట్టానికి ముందు మెట్టు) ప్రకటించే విచారణలో ఆమె స్వయంగా సాక్ష్యం చెప్పింది.

సరిగ్గా అదే రోజున నెదర్లాండ్స్ కతోలిక చర్చిలన్నింటిలో యూదుల తరలింపును ఖండిస్తూ పీఠాధిపతుల (బిషప్పుల) లేఖ చదివారు. దానికి ప్రతీకారంగా నాజీలు కతోలికం స్వీకరించిన యూదులను పట్టుకుపోయారు. వారిలో ఒకరైన కార్మెల్ సన్యాసిని ఎడిత్ స్టెయిన్‌ను ఆగస్టు 9న ఆష్విట్జ్ శిబిరంలో చంపారు.

బ్రాండ్స్‌మాను 1985లో ధన్యునిగా, 2022 మే 15న పునీతునిగా (సెయింట్) ప్రకటించారు. విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన మన దేశపు వేదసాక్షి దేవసహాయం పిళ్లైకి పునీత పట్టం దక్కిందీ ఆ పూజలోనే. అప్పట్లో మన పత్రికలు దేవసహాయం గురించి రాశాయి, సంతోషం. పాత్రికేయం కోసం ప్రాణమిచ్చిన వ్యక్తి గురించి పాత్రికేయులే పెద్దగా రాయకపోవడం నాకు బాధగా ఉంది. గుడిలో స్మరించుకుంటే సరిపోయే మనిషి కాదాయన.

నాజీ ఆక్రమణకూ మన ఎన్నికలకూ పోలిక పెట్టడం లేదు. అక్కడ కాదంటే చావు, ఇక్కడ కాదంటే కొంత రాబడి తగ్గుతుంది. నా వాదనకు బలం ఈ తేడాలోనే ఉంది. 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని వార్తలు వేసిన తీరుపై పత్రికల తీరును పర్యవేక్షించే ప్రెస్ కౌన్సిల్ వేసిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో తెలుగు పాత్రికేయులు కె. శ్రీనివాస్ రెడ్డి ఒకరు. పత్రికల పేర్లతో సహా వారిచ్చిన పూర్తి నివేదికను 2010లో కౌన్సిల్ పక్కన పెట్టింది. మరుసటి ఏడాది కేంద్ర సమాచార కమిషన్ ఆదేశిస్తే గానీ అది బయటికి రాలేదు.

కాబట్టి మిమ్మల్ని అడిగేది రెండు విషయాలు. డబ్బు పుచ్చుకుని వేసే ప్రతిదానిపైనా 'ప్రకటన' అన్న మాట భూతద్దం అవసరం లేనంత పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఏదైనా ఒక కులాన్నో మతాన్నో కించపరిచే ప్రకటన వస్తే, దాన్ని కాదనే అధికారం సంపాదకుడికే ఉందని మీ పత్రిక బహిరంగంగా చెప్పాలి. ఈ లేఖ వేస్తే దాని కింద మీ జవాబు కూడా వేయమని మనవి.

ఇట్లు,
మీ పాఠకుడు,
గుంటూరు