నున్నటి నేల మీద పాము ఎందుకు కొట్టుకుంటుంది? విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఇరవై రెండేళ్లుగా పిల్లలకు జీవశాస్త్రం చెబుతున్న టీచర్ని. జీతాల గురించి, బదిలీల గురించి మీకు రోజూ ఎన్నో లేఖలు వస్తుంటాయి. ఈ లేఖ పాము గురించి. దయచేసి చివరిదాకా చదవండి.

కొన్నేళ్ల కిందట, రాత్రంతా వాన కురిసిన ఒక రోజు పొద్దున్నే, నేను పనిచేస్తున్న బడి వరండాలోకి పాము వచ్చింది. వరండాకు అప్పుడే కొత్తగా టైల్స్ వేయించారు. అద్దంలా మెరుస్తున్నాయి. పాము ఐదారడుగుల పొడవుంది. గోధుమ రంగు, సన్నటి మెడ, పెద్ద కళ్లు. అది జెర్రిపోతు, విషం లేని పాము. వరండా మధ్యలో ఒళ్లంతా మెలికలు తిప్పుతూ కొట్టుకుంటోంది తప్ప ఉన్నచోటు నుంచి మూరెడు కూడా ముందుకు జరగడం లేదు. "అమ్మో, ఎలా చిందులేస్తోందో చూడండి, మీదికి దూకుతుంది!" అని ఎవరో అరిచారు. కర్రలు వచ్చాయి. "అది పారిపోదామని చూస్తోంది, పోలేకపోతోంది, ఒక గోనెసంచి పరిస్తే చాలు, దాని దారిన అదే వెళ్లిపోతుంది" అని నేను చెబుతూనే ఉన్నాను. ఆ కేకల్లో నా మాట ఎవరికీ వినబడలేదు. రెండు నిమిషాల్లో అంతా అయిపోయింది. తోక కొస ఇంకా కదులుతుండగా ఏడో తరగతి పిల్ల ఒకతి నా చెయ్యి పట్టుకుని అడిగింది: "టీచర్, అది మనల్ని కరవడానికి వచ్చిందా? దారి తెలీక తిరుగుతోందా?"

ఆ పిల్లకు జవాబు చెప్పడానికి నా చేతిలోని పాఠ్యపుస్తకం ఏమాత్రం పనికిరాలేదు. సరీసృపాల పాఠంలో పాముకు దక్కింది ఒక బొమ్మ, రెండు వాక్యాలు. అది ఎలా నడుస్తుంది, ఎందుకు బుస కొడుతుంది, ఎందుకు రోడ్డు మీదికి వస్తుంది, ఇవేవీ లేవు. ఉంటే ఆ రోజు కర్రలు పట్టుకున్న పెద్దలు కూడా చిన్నప్పుడు అది చదువుకుని ఉండేవాళ్లు కదా. అందుకే మీకు రాస్తున్నాను.

మనిషి వెన్నులో 33 పూసలుంటాయి. చాలా పాములకు 200 నుంచి 400 దాకా ఉంటాయి, కొన్నింటికి అంతకన్నా ఎక్కువే. తోక వదిలేస్తే దాదాపు ప్రతి పూసకూ ఒక జత పక్కటెముకలు. పూసకూ పూసకూ మధ్య మలుపు కొంచెమే. అన్ని పూసల మలుపులూ కలిస్తేనే మనం చూసే ఆ మెలికలు. పాము అలలా ఒళ్లు వంచుతుంది. ఒంపు తిరిగిన ప్రతిచోటా దాని పక్కభాగం ఒక రాయినో, గడ్డి దుబ్బునో, మట్టిగడ్డనో ఆనుకుని వెనక్కి తోస్తుంది. ఆ తోపుడుకే ఒళ్లు ముందుకు సాగుతుంది. తల పోయిన దారిలోనే మెడ, మెడ పోయిన దారిలోనే నడుము, చివరికి తోక కూడా అదే దారిలో వస్తాయి. జేమ్స్ గ్రే అనే శాస్త్రవేత్త 1946లోనే ఈ నడక లెక్కను విడమరిచి రాశారు. ఆనుకోవడానికి ఏమీ లేని చోట పాము ఎంత మెలికలు తిరిగినా ముందుకు పోలేదు. మా వరండాలో జరిగింది అదే. మనం దాడి అనుకున్నది నిజానికి జారిపోతున్న ఒక ప్రాణి అవస్థ.

దీన్ని ఇప్పుడు నేను పిల్లలతోనే చేయించి చూపిస్తాను. ఒకరిని నున్నటి నేల మీద బోర్లా పడుకోబెట్టి, చేతులు ఒంటికి ఆనించి, కాళ్లు దగ్గరగా పెట్టి, ముందుకు పాకమంటాను. గిలగిలా కొట్టుకుంటారు, జరగరు. తర్వాత అటొకటి ఇటొకటిగా బల్లలు జరిపి, వాటి కాళ్ల మధ్య పడుకోమంటాను. భుజంతో ఒకదాన్ని, తుంటితో ఇంకోదాన్ని నెడుతూ కాస్త కాస్తగా ముందుకొస్తారు. "టీచర్, అర్థమైంది!" అని అక్కడినుంచే అరుస్తారు. దీనికి పైసా ఖర్చు లేదు, ల్యాబ్ అక్కర్లేదు.

నా బీరువాలో ఒక గాజుసీసాలో కుబుసం ఉంది. పిల్లల చేతికిస్తాను. పొట్ట వైపు పొలుసులు వెడల్పుగా, ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు పెంకుల వరసలా ఉంటాయి. తల వైపు నుంచి తోక వైపు వేలితో రాస్తే సాఫీగా పోతుంది. తోక నుంచి తలకు రాస్తే వేలికి తగులుతుంది. ఈ తేడా వల్లే పాము ముందుకు సులువుగా జారుతుంది, వెనక్కీ పక్కకీ అంత సులువుగా జారదు. 2009లో డేవిడ్ హూ బృందం ఈ రాపిడిని కొలిచింది. పాము ఒంటికి గుడ్డ తొడుగు తొడిగితే ఆ పట్టు పోయి అది ఉన్నచోటే మెలికలు తిరుగుతుందని కూడా చూపించింది. ఆ మాట చదివిన రోజు నాకు వరండా గుర్తొచ్చి చాలాసేపు మనసు బాగాలేదు.

పాముకు నడక ఒక్క రకమే కాదు. కొండచిలువ, రక్తపింజర లాంటి బరువైన పాములు మెలిక తిరక్కుండా తిన్నగా కూడా పాకుతాయి. పొట్ట చర్మాన్ని కండరాలతో ముందుకు లాగి, పొలుసులను నేలకు ఆనించి, ఒంటిని దాని మీదుగా జరుపుతాయి. కన్నంలాంటి ఇరుకు చోట్ల పాము ఒళ్లు మడతలు పెట్టి గోడలకు బిగించి, తల చాచి, మళ్లీ వెనక భాగాన్ని లాక్కుంటుంది. కదిలే ఇసుకలో ఉండే కొన్ని పింజరలు ఒంటిని ఎత్తి పక్కకు వేస్తూ పోతాయి, వాటి వెనక ఇసుక మీద ఏటవాలు గీతలు వరసగా మిగులుతాయి. శాస్త్రవేత్తలు చాలాకాలం ఈ నాలుగు నడకలే లెక్కపెట్టారు. 2021లో గువామ్ దీవిలోని ఒక చెట్టుపాము లావాటి స్తంభానికి ఉచ్చులా ఒళ్లు చుట్టుకుని పైకెక్కడం గురించి పరిశోధన వెలువడింది. పాము నడక గురించి మనకు అంతా తెలుసని అనుకోవడానికి లేదు. పిల్లలకు ఆ మాటే చెప్పాలి, చెబితే వాళ్ల కళ్లు మెరుస్తాయి.

ఇక ప్రవర్తన. భయమంతా ఇక్కడే పుడుతుంది.

పాము నాలుక చాపేది కరవడానికి అనుకుంటారు. అది వాసన చూస్తోంది. గాలిలోని, నేల మీది వాసన కణాలు నాలుకకు అంటుకుంటాయి. నాలుక లోపలికి పోగానే అవి నోటి పైభాగంలో ఉన్న జాకబ్సన్ అవయవానికి చేరతాయి. నాలుక రెండుగా చీలి ఉండడం వల్ల వాసన కుడివైపు ఎక్కువుందా ఎడమవైపు ఎక్కువుందా అన్నది దానికి తెలుస్తుంది. ఎలుక జాడ పట్టేది అలాగే. మగపాము ఆడపాము జాడ పట్టేదీ అలాగే. ఒక పామును చంపిన చోటికి ఇంకో పాము వస్తే పగబట్టిందంటారు. జత కోసం వాసన జాడ పట్టుకుని వచ్చి ఉండొచ్చు, ఎలుకల కోసం వచ్చి ఉండొచ్చు. పగ మాత్రం కాదు.

పాముకు బయటి చెవి లేదు. నేల అదురు దవడ ఎముకల గుండా లోపలి చెవికి చేరుతుంది. గాలిలో వచ్చే లోగొంతు శబ్దాలు కూడా కొంతవరకు తెలుస్తాయి. కనురెప్పలు లేవు, కంటి మీద పారదర్శకమైన పొలుసు ఉంటుంది. కుబుసం విడిచే ముందు కొన్ని రోజులు ఆ పొలుసు పాలనీలంగా మసకబారుతుంది. అప్పుడు పాముకు సరిగా కనబడదు. నక్కి ఉంటుంది, దగ్గరికి పోతే తొందరగా బెదురుతుంది. తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు కాబట్టి ఎండకో నీడకో జరుగుతూ సరిపెట్టుకుంటుంది. పొద్దుపోయాక కూడా వేడి నిలిచి ఉండే తారురోడ్డు మీద పడుకునేది అందుకే. కన్నాల్లోకి నీళ్లు చేరితే పొడి చోటు వెతుక్కుంటుంది. ఆ పొడి చోటు మా బడి వరండా అయింది.

విషం పాముకు తిండి సంపాదించుకునే సాధనం. అయిపోతే మళ్లీ ఊరాలి, దానికి ఒంట్లో శక్తి కావాలి. మనిషి తనకు తిండి కాడు, కాబట్టి మన మీద ఖర్చు చేయడం దానికి నష్టం. అందుకే ముందు హెచ్చరికలు. నాగుపాము మెడ పక్కటెముకలు విప్పి పడగ పడుతుంది. రక్తపింజర కుక్కర్ విజిల్లా గట్టిగా బుస కొడుతుంది. చిన్నపింజర ఒంటి మడతలను ఒకదానికొకటి రాసి రంపపు చప్పుడు చేస్తుంది. ఇవన్నీ "దూరంగా పో" అనే మాటలే. రెండడుగులు వెనక్కి వేస్తే చాలావరకు అదే వెళ్లిపోతుంది. చాలా పాములు పరుగెత్తే మనిషిని అందుకోలేవు. కాటు మాత్రం వేరు. అది సెకనులో పదో వంతు కూడా పట్టదు, అంటే కన్ను ఆర్పేలోపే అయిపోతుంది. అందుకే కర్రతో దగ్గరికి పోవడం కంటే దూరంగా నిలబడడమే మనకు రక్షణ.

హెచ్చరిక లేకుండా కరిచేవీ ఉన్నాయి, దాన్ని దాచకూడదు. పింజరలు రంగు కలిసిపోయే చోట కదలకుండా పడి ఉంటాయి. పారిపోవడం కన్నా కనబడకుండా ఉండడమే వాటి పద్ధతి. మనం చూడకుండా తొక్కుతాం. కట్లపాము రాత్రి తిరుగుతుంది, నేల మీద పడుకున్న వాళ్లను కరుస్తుంది. ఆ కాటు చాలాసార్లు నొప్పి కూడా పెట్టదు. రాత్రి చేతిలో టార్చి, కాలికి బూటు, నేల మీద పడుకునేవాళ్లకు పరుపు కింద అంచులు గట్టిగా దోపిన దోమతెర ఎన్నో ప్రాణాలు కాపాడతాయి. ఎందుకో తెలిసిన పిల్ల ఇంట్లో వాళ్ల చేత కూడా చేయిస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 54 లక్షల మందిని పాములు కరుస్తున్నాయి. 81 వేల నుంచి 1 లక్షా 38 వేల మంది దాకా చనిపోతున్నారు. 2017లో ఆ సంస్థ పాముకాటు విషప్రభావాన్ని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. ఈ మరణాలనూ వైకల్యాలనూ 2030 నాటికి సగానికి తగ్గించాలని 2019లో లక్ష్యం పెట్టుకుంది. మందు సరఫరా మీ శాఖ పని కాదు, ఒప్పుకుంటాను. కానీ ఎక్కువగా దెబ్బతినేవాళ్లలో పిల్లలున్నారు. ఆ పిల్లలు మీ బడుల్లో ఉన్నారు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఆరో తరగతిలోనో ఏడో తరగతిలోనో పాము మీద ఒక పూర్తి పాఠం పెట్టించండి. అది జాతుల పేర్లతో కాకుండా నడకతో మొదలవ్వాలి. ఎందుకంటే నడక అర్థమైన పిల్లకు పాము ఒక యంత్రంలా, ఒక లెక్కలా కనబడుతుంది, భయం దానంతటదే పక్కకు జరుగుతుంది. కాటు పడితే ఏం చేయాలో అదే పాఠంలో ఉండాలి. గాయం కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడుతో బిగించి కట్టకూడదు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, పాముకాటు విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లాలి. పామును పట్టుకెళ్లాల్సిన పని లేదు. ఈ నాలుగు మాటలూ పరీక్షలో తప్పకుండా అడగండి, అడిగితేనే చదువుతారు. టీచర్ల శిక్షణలో ఒక పూట దీనికి కేటాయించండి. మాలో చాలామందికి పాము పేరెత్తితేనే టెన్షన్, ఆ భయాన్నే పిల్లలకు అందిస్తున్నాం. పాము కనబడితే ఎవరికి ఫోన్ చేయాలో ప్రతి బడి గోడ మీదా రాయించండి. మా వరండాలో ఆ రోజు ఆ నంబరు ఉంటే కర్రల కోసం వెతికే రెండు నిమిషాలు ఫోన్ చేయడానికి సరిపోయేవి.

పాఠం ముసాయిదా నేను రాసి పెట్టుకున్నాను. ఎనిమిది పేజీలు, అందులో మూడు పేజీలు పిల్లలు చేసి చూసే పనులే. మీ శాఖ నిపుణులు ఎంత దిద్దినా సంతోషమే. రమ్మంటే కుబుసం సీసా పట్టుకుని వస్తాను. మీరు కూడా ఒకసారి వేలితో రాసి చూడండి, తల నుంచి తోకకు, తోక నుంచి తలకు.

ఇట్లు,
ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు