పిన్నిని హైదరాబాదు తీసుకెళ్ళే ముందు

ఒరేయ్ సత్యం,

ఫోన్లో చెబితే మధ్యలో అడ్డొస్తావని కూర్చుని రాస్తున్నా. మీ అమ్మని, అదే మా పిన్నిని, ఇంక ఊళ్ళో ఉంచను, మియాపూర్ తీసుకెళ్ళిపోతా అన్నావు. మీ ఆవిడ కూడా సరే అందంటే సంతోషమే. కానీ కాస్త ఆగు.

మొన్న పొద్దున్నే మీ ఇంటికి వెళ్ళా. ఆ రోజు పిన్ని లేవడం కొంచెం ఆలస్యమైంది. ఏడయినా వాకిట్లో ముగ్గు పడకపోయేసరికి ఎదురింటావిడ "ఏంటక్కా, ఒంట్లో బాగాలేదా?" అంటూ లోపలికొచ్చేసింది. ఆ వెనకే పాలబ్బాయి. నేను వెళ్ళేసరికి ముగ్గురూ కలిసి గోంగూర ధర మీద తగువు పెట్టుకున్నారు. మీ అపార్ట్‌మెంట్లో తలుపు తెరుచుకోకపోతే ఎన్నాళ్ళకి తెలుస్తుందిరా? నువ్వూ మీ ఆవిడా ఆఫీసుకి పోతే సాయంత్రం దాకా పిన్ని ఎవరితో మాట్లాడుతుంది?

మా మావయ్యగారి సంగతి నీకు తెలుసు కదా. అత్తయ్యగారు పోయాక కూకట్‌పల్లి తీసుకెళ్ళారు. మూణ్ణెల్లకోసారి పరీక్షలు, షుగరు కంట్రోల్లోనే ఉంది, పెద్ద డాక్టరు కూతవేటు దూరం. అన్నీ బాగానే ఉన్నాయి, మనిషే నీరసించిపోయాడు. ఊళ్ళో రోజూ చేలగట్టు మీద తిరిగిన కాళ్ళు అవి. అక్కడ పార్కుకి వెళ్ళాలంటే పెద్ద రోడ్డు దాటాలి, ఫుట్‌పాత్ మీదేమో టిఫిన్ బండ్లూ బైకులూ. దాంతో సోఫా, టీవీ, మళ్ళీ సోఫా. ఆ వయసులో వాడని కండ తొందరగా కరిగిపోతుంది, కాలు తూలుతుంది, ఒక్కసారి పడ్డారా, తుంటి ఎముక విరిగి మంచం పట్టడమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అరవై అయిదు దాటినవాళ్ళని వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్ళు కదల్చమంటుంది. తూలిపోకుండా చేసే కసరత్తులు వారంలో మూడు రోజులైనా విడిగా చెయ్యమంటుంది. పిన్నికి ఆ లెక్కలు తెలియవు. నూతి దగ్గరా పెరట్లోనూ తిరగడంతోనే ఆ నిమిషాలన్నీ అయిపోతున్నాయి.

అలాగని పల్లెటూరి గాలీ నీళ్ళూ మందు అనే కబుర్లు చెప్పను. ఆ మాట నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్ళు తాగి నడుం వంగిపోయినవాళ్ళ దగ్గర అనగలమా? శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీలు పోగొట్టుకుంటున్నవాళ్ళ దగ్గర అనగలమా? అక్కడ ఆ జబ్బుకి అసలు కారణమేంటో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. మన ఊళ్ళోనే చూడు, వంగి నాట్లేసిన ఆడవాళ్ళలో మోకాళ్ళ నొప్పులు లేనివాళ్ళెవరు? అది వ్యాయామం కాదు, అరుగుదల.

ఇంకోటి, దీనికి నువ్వు నన్ను తిడతావు. పిన్ని బీపీ బిళ్ళ మానేసింది. ఊరి నర్సు ఏఎన్ఎమ్ వచ్చి చూస్తే నార్మల్ ఉందట, "తగ్గిపోయిందిగా, ఇంకెందుకురా" అంటోంది. బిళ్ళ వల్లే తగ్గిందని చెబితే నవ్వుతుంది. నొప్పీ బాధా లేని జబ్బుకి రోజూ మందేంటని ఇక్కడ అందరిదీ అదే మాట. ఇక అన్నంలో ఆవకాయ రెండు పూటలా ఉండాల్సిందే. రోజుకి అయిదు గ్రాముల ఉప్పు చాలంటారు డాక్టర్లు, అది ఆవిడ మొదటి ముద్దలోనే అయిపోతుందేమో! అర్ధరాత్రి పక్షవాతం వస్తే తాడేపల్లిగూడెం చేరేసరికి పుణ్యకాలం గడిచిపోతుంది. ఆ విషయంలో నీ భయం నిజమే.

కళ్ళు కూడా చూపించాలి. బియ్యంలో రాళ్ళు కనబడక చేత్తో తడుముతోంది. 1996 నుంచి 2000 దాకా ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ళు హైదరాబాదుతో పాటు మన పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ పల్లెల్లో కూడా తిరిగి పదివేల మందికి పైగా కళ్ళు పరీక్షించారు. చూపు పోవడానికి పెద్ద కారణాలుగా తేలినవి శుక్లాలూ, సరైన కళ్ళజోడు లేకపోవడమూ. ఆపరేషన్‌తోనో అద్దాలతోనో పోయేదే కదరా! చెవి కూడా మందగించింది, టీవీ మోత వీధి చివరికి వినబడుతోంది. దాన్ని ముసలితనం అని వదిలెయ్యకు. మతిమరుపు జబ్బుకి దారితీసేవాటిలో మనం సరిచేసుకోగలిగినవి పద్నాలుగని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వాళ్ళు లెక్క తేల్చారు. వాటిలో వినికిడి తగ్గడం, చూపు తగ్గడం, బీపీ, ఒంటరితనం అన్నీ ఉన్నాయి.

డబ్బు సంగతి కూడా ఆలోచించు. ఎదురింటావిడకి ఒకటో తారీఖున ఇంటికే నాలుగు వేలు పింఛను వస్తోంది. అది చేతిలో పడ్డ దగ్గర్నుంచీ కోడలితో మాట్లాడే గొంతే మారింది. పిన్నికి కౌలు డబ్బులున్నాయి, తన చేతికే రానివ్వు. మియాపూర్లో కాఫీపొడికి కూడా నిన్నడగాల్సిన గతి పట్టించకు.

అన్నట్టు, ఆవిణ్ణి అడిగావా అసలు? నేనడిగా. "కోడలు బంగారం రా, కానీ అక్కడ నాకు పనేముంది?" అంది.

నా మాట వింటే ముందు కళ్ళూ చెవులూ బాగుచేయించు. డెబ్బై దాటినవాళ్ళందరికీ, ఆదాయంతో పని లేకుండా, 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ కార్డు ఇస్తున్నారు, ఏడాదికి అయిదు లక్షల దాకా వైద్యం. ఆధార్ తీసుకెళ్ళి చేయిద్దాం. బీపీ బిళ్ళ నేను పొద్దున వాకింగ్‌కి వెళ్తూ దగ్గరుండి వేయిస్తా, ఆవకాయ జోలికి మాత్రం వెళ్ళను, తిట్లు తినే ఓపిక లేదు. ఎండాకాలం రెండు నెలలు మీ దగ్గర ఉంచుకుని చూడు. కింద గుళ్ళోనో, పక్క ఫ్లాట్లోనో తనకంటూ ఓ జట్టు కుదిరితే అప్పుడు మాట్లాడుకుందాం. ఇక్కడి ఇల్లు మాత్రం అమ్మెయ్యకు, అద్దెకీ ఇవ్వకు.

దొడ్లో బాత్‌రూమ్‌కి కమోడూ, గోడకి పట్టుకునే కడ్డీలూ పెట్టించాలి. గచ్చు నున్నగా జారుతోంది, రాత్రిళ్ళు లైటు కూడా లేదు. మేస్త్రీతో మాట్లాడి ఉంచా, పదిహేను వేలు పంపు. దసరాకి నువ్వొచ్చేలోపు పని అయిపోతుంది.

నీ
రాము