శాతకర్ణి కోసం కొట్లాడిన కొడుక్కి

ధర్మపురి
22-12-2016

చిరంజీవి ప్రవీణ్‌ను ఆశీర్వదించి అమ్మ రాయునది.

ఇక్కడ అందరం బాగున్నాం. చలికి మీ బాపు మోకాలి నొప్పి కొంచెం ఎక్కువైంది, మందు వాడుతున్నాడు. జామచెట్టు ఈసారి విరగకాసింది కానీ కోతులు ఒక్క కాయ కూడా పండనివ్వడం లేదు. పుణెలో చలి బాగా ఉందని టీవీలో చెప్పారు. దసరాకు నేను కొనిచ్చిన స్వెట్టర్ వేసుకుంటున్నావా, అది ఇంకా బ్యాగులోనే ఉందా? పొద్దున్నే తలస్నానం చేసి తడి జుట్టు మీదనే హెల్మెట్ పెట్టుకుని బండెక్కకు. నీకు జలుబు పట్టిందంటే నెల దాకా వదలదు.

ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. మెసేజ్ పెడితే నీలం గీతలు వస్తున్నాయి, జవాబు రావడం లేదు. పని ఎక్కువుందేమో అని మీ బాపు అంటున్నాడు. అందుకే ఉత్తరం రాస్తున్నా. ఆఫీసు అడ్రసుకు పంపిస్తున్నా. ఇప్పుడు నువ్వు ఏ రూములో ఉంటున్నావో నాకు సరిగ్గా తెలియదు కదా.

నోట్ల రద్దు తిప్పలు ఇక్కడ ఇంకా తీరలేదు. వారానికి 24 వేలు తీసుకోవచ్చంటారు, తీరా పోతే క్యాష్ అయిపోయిందంటారు. మొన్న శుక్రవారం మీ బాపు బ్యాంకు పని మీద కరీంనగర్ పోయాడు. లైన్లో నిలబడి నిలబడి పని కాక బయటపడేసరికి సాయంత్రమైంది. బస్టాండుకు వద్దామంటే రోడ్డు నిండా జనం. బాలకృష్ణ వందో సినిమా, గౌతమీపుత్ర శాతకర్ణి ట్రైలర్, మన కరీంనగర్‌లో విడుదల చేశారట. అంతకు ముందు కోటిలింగాలకు వచ్చి గుడిలో పూజ కూడా చేసిపోయారట. మీ బాపు ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు దాటింది. అప్పటిదాకా నాకు టెన్షనే.

ఆ తర్వాత మంజుల వచ్చింది. ట్రైలర్ చూస్తావా చిన్నమ్మా అని ఫోన్లో పెట్టి చూపించింది. గుర్రాలు, డాళ్ళు, యుద్ధం అన్నీ బ్రహ్మాండంగా తీశారు. శాతకర్ణి తల్లి గౌతమీ బాలశ్రీగా హేమమాలిని కనిపించగానే ఆపించి మళ్ళీ చూశా. ఇన్నేళ్ళు బ్లాక్‌బోర్డు మీద రాసిన పేరు తెర మీద చూస్తే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కింద జనం రాసినవి కూడా మంజుల చదివి వినిపించింది. సగం మంది ఒళ్ళు పులకరించిందని రాశారు. శాతవాహనులంటే ఎవరో ఇప్పుడే తెలిసింది, బడి పుస్తకం మళ్ళీ తీశాను అని ఒక పిల్లవాడు రాశాడు, వాడికి నా దీవెన. తర్వాత కొట్లాట మొదలైంది. శాతవాహన రాజు శాతకర్ణి అమరావతి వాడని ఆంధ్రవాళ్ళు, కాదు కోటిలింగాల వాడని మనవాళ్ళు, పైఠన్ వాడని మహారాష్ట్రవాళ్ళు. సంక్రాంతికి చిరంజీవి సినిమా కూడా ఉంది కాబట్టి అభిమానుల తిట్లు దానికి తోడు.

ఆ తిట్లలోనే నీ పేరు కూడా ఉందని మంజుల అన్నది. నేను నమ్మలేదు. చూపించబోతే వద్దన్నాను.

వరినాట్లకు నీళ్ళు వదులుతారని ఊళ్ళో సంబరంగా ఉన్నారు. రాజేశం కొడుక్కి పుణెలోనే ఉద్యోగం వచ్చింది, జనవరి మొదట్లో చేరతాడట. వాడు మంచివాడు, ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు. నువ్వు కూడా చిన్నప్పుడు అలాగే ఉండేవాడివి.

నీ రూమ్మేట్, ఆ మరాఠీ పిల్లవాడు అనికేత్‌తో మాట్లాడడం మానేశావట, నిజమేనా? పరుపు చుట్టుకుని వేరే రూముకు పోయావట. ఒక సినిమా ట్రైలర్ కోసం, ఇద్దరూ కలిసి అద్దె కట్టుకునే ఇల్లు వదిలి! ఏమన్నావు వాణ్ణి? వాడేమన్నాడు? మాట భాష మీదికి పోయి, భాష నుంచి మనుషుల మీదికి పోయిందని మంజుల సగం చెప్పి ఆపేసింది. ఆ మిగిలిన సగం కోసమే నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

ఇంతకీ ఎవరిది సరి అంటావు. కోటిలింగాలలో శాతవాహనుల కంటే ముందటి రాజుల నాణేలు దొరికాయి, గోబద, నారన, సమగోప అని. వాటితోపాటే శాతవాహనుల మొదటి రాజు సిముకుడివీ దొరికాయి. శాసనాల పండితులు పరబ్రహ్మశాస్త్రి గారు చదివి లోకానికి చెప్పారు. మొదలు ఇక్కడే అని మనం గర్వపడడానికి ఆధారం ఉంది. కానీ గౌతమీపుత్రుడు సిముకుడి తర్వాత ఎన్నో తరాలకు వచ్చినవాడు. ఆయన గెలిచిన దేశాల జాబితా నాసిక్ గుహలో ఉంది, అందులో ఆంధ్ర అన్న పేరు లేదు. అసక ఉంది, అంటే మన బోధన్ వైపు. దాని పక్కనే ములక ఉంది, అంటే పైఠన్ వైపు. పురాణాలేమో వాళ్ళను ఆంధ్రులన్నాయి. వాళ్ళ శాసనాల్లో మాత్రం శాతవాహన కులం అనే ఉంటుంది. ఇది నువ్వు తొమ్మిదో తరగతిలో నా దగ్గరే చదివావు. అనికేత్‌కు చెప్పాలంటే ఇలా కూర్చోబెట్టి చెప్పాలి, తిట్టి చెప్పేది కాదు.

లంకెబిందె సంగతి నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదనుకుంటా. మా తల్లిగారి ఊళ్ళో గోదావరి ఒడ్డున పెద్దబాపుకూ చిన్నబాపుకూ పక్కపక్కనే చెలకలు. మధ్యలో గట్టు. ఒక ఏడాది పెద్ద వానలు పడి గట్టు కోసుకుపోయి అందులోంచి చిన్న కుండ బయటపడింది. మూతి పెద్దబాపు వైపు ఉంది, అడుగు చిన్నబాపు వైపు ఉంది. మూతి నా దిక్కుంది కాబట్టి నాదే అని ఈయన. కుండ కూర్చున్నది నా భూమిలో అని ఆయన. లోపల చూస్తే బంగారం కాదు, నల్లటి బిళ్ళలు, సీసం లాగా బరువుగా ఉన్నాయి. అయినా ఇద్దరూ తగ్గలేదు. పెద్దమనుషులను పిలిచి తాడు పెట్టి గట్టు కొలిపించారు. తాడు పట్టింది చాకలి ఎల్లవ్వ మొగుడు, వాడు వంకరగా పట్టాడని మళ్ళీ లొల్లి. మా నానమ్మ కుండ తీసి వడ్ల గుమ్మిలో దాచిపెడితే, ఆమె ఎవరి పక్షమని ఇంకో రగడ. చివరికి జగిత్యాల నుంచి వచ్చిన పాత ఇనుము షావుకారుకు తూకానికి అమ్మి డబ్బులు సగం సగం పంచుకున్నారు. చెరొక ధోవతికి కూడా చాలలేదని నానమ్మ చెప్పేది.

డబ్బు తెగిపోయినా మాట కలవలేదు. దసరాకు జమ్మి పెట్టుకోవడం మానేశారు. రాజక్క పెళ్ళికి చిన్నబాపు ఇంటి నుంచి ఒక్కరూ రాలేదు, పందిట్లో బంతి వడ్డిస్తుంటే ఖాళీ చాప వైపే పెద్దమ్మ చూపంతా. తర్వాత కోటిలింగాలలో తవ్వకాలు మొదలైనప్పుడు సార్లు ఊరూరా తిరిగి పాత నాణేలు ఏమైనా ఉన్నాయా అని అడిగారు. మా నానమ్మ కొంగు ముడిలోంచి ఒక బిళ్ళ తీసి ఇచ్చింది. ఒక సార్ దాన్ని చింతపండుతో తోమించి, అద్దం పెట్టి ఎండలో అటూ ఇటూ తిప్పి, ఇది రాజు పేరమ్మా, రెండు వేల ఏళ్ళ కింద కొట్టింది అన్నాడు. ఇంకా ఉన్నాయా అని అడిగితే ఎవరూ నోరు తెరవలేదు. నేను అప్పుడు లంగా జాకెట్ వేసుకునే పిల్లను, ఆ అద్దంలోంచి చూసిన ఏనుగు బొమ్మ, దాని పైన చుట్టూ వంకర అక్షరాలు నాకు ఇప్పటికీ గుర్తే. సోషల్ టీచర్ కావాలని అనిపించింది ఆ రోజే. పెద్దబాపు పోయినప్పుడు చిన్నబాపు వచ్చి పాడె మోశాడు. అప్పటికి మాట్లాడుకునే వేళ దాటిపోయింది. ఆ గట్టు, ఆ రెండు చెలకలు ఇప్పుడు ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్ళ కింద ఉన్నాయి.

నీకు డెంగీ వచ్చినప్పుడు మేము రైలెక్కి వచ్చేదాకా ఆస్పత్రిలో బెంచీ మీద పడుకున్నది అనికేత్. నీ ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయో గంట గంటకూ నాకు ఫోన్ చేసి హిందీలో చెప్పింది వాడే. వాళ్ళమ్మ నీ కోసం జావ చేసి డబ్బాలో పంపింది. నాకు వచ్చిన హిందీ అంతంత మాత్రం, ఆమెకూ అంతే, అయినా పోలెలు ఎలా చేస్తారో ఇద్దరం అరగంట మాట్లాడుకున్నాం. వాళ్ళు పూరణ్ పోళీ అంటారు. మనం ఉగాది చేసుకునే రోజే వాళ్ళు గుడి పడ్వా చేసుకుంటారు, సంకల్పంలో శాలివాహన శకం అని ఇక్కడా చదువుతాం, అక్కడా చదువుతారు. ఆ అమ్మకు ఇప్పుడు నేను ఏ ముఖం పెట్టుకుని ఫోన్ చేయను? నిన్ను తిట్టడానికి రాయడం లేదు. కానీ కోపంలో రాసింది పోదు బిడ్డా. నోటితో అన్నమాటైతే మర్నాటికి ఎవరో ఒకరు మరిచిపోతారు, ఫేస్‌బుక్‌లో రాసింది అట్లనే ఉండి రోజూ పదిమంది చదువుతారు. మీ ఆఫీసువాళ్ళు కూడా చూస్తారు. ముందు దాన్ని తీసెయ్. తీసేశానని అనికేత్‌కు నువ్వే చెప్పు, వాడు చూసుకుంటాడులే అని ఊరుకోకు.

ట్రైలర్‌లో శాతకర్ణి చేతిలో ఎప్పుడూ కత్తే. యుద్ధం సినిమా కదా, అలాగే ఉంటుంది, నేను తప్పు పట్టను. కానీ ఆయన గురించి ఇంత తెలియడానికి కారణం ఆ తల్లి. కొడుకు పోయాక, మనవడు పుళుమావి ఏలుబడి 19వ ఏట, వేసవి రెండో పక్షం 13వ రోజున, బాలశ్రీ నాసిక్ కొండ మీద గుహ తొలిపించి బౌద్ధ భిక్షువులకు దానం చేసింది. ఆ గోడ మీద కొడుకు గురించి రాయించింది. బయటి నుంచి వచ్చిన శక యవన పహ్లవులను ఓడించాడని ఉంది, క్షహరాతులనే శక రాజుల వంశం లేకుండా చేశాడని ఉంది, ఆయన గుర్రాలు మూడు సముద్రాల నీళ్ళు తాగాయని ఉంది. అందరూ చెప్పుకునేవి ఇవే. మిగతాది కూడా చదవాలి. ముఖం సూర్యకిరణాలకు విచ్చిన తామరలా ఉంటుందట. నిండు చంద్రుడిలా చూడముచ్చటగా ఉంటాడట. నడక ఏనుగు నడకట, చేతులు బలంగా, పొడుగ్గా, అందంగా ఉంటాయట. తల్లికి ఎడతెగకుండా సేవ చేశాడని, పౌరుల సుఖదుఃఖాలు తనవే అనుకున్నాడని రాయించింది. అపరాధం చేసిన శత్రువు ప్రాణం తీయడానికి కూడా ఆయనకు మనసొప్పేది కాదని రాయించింది. అన్ని యుద్ధాలు గెలిచిన కొడుకు గురించి ప్రవీణ్, ఈ మాట ఉండాలని ఆ తల్లి అనుకున్నది. ఓడిపోయిన క్షహరాత రాజు నహపానుడి నాణేలు కూడా ఆయన కరిగించలేదు. నాసిక్ జిల్లా జోగల్‌తెంబిలో 1906లో దొరికిన 13 వేలకు పైగా వెండి నాణేల్లో 9 వేలకు పైగా, నహపానుడి బొమ్మ మీదనే శాతకర్ణి ముద్ర కొట్టి మళ్ళీ చెలామణీలో పెట్టినవి. బ్యాంకు లైన్ నుంచి వచ్చిన రాత్రి ఇది మీ బాపుకు చెబితే, ఆ పద్ధతి ఎంత మంచిగుంది అన్నాడు.

ఆ గుహకు నువ్వు పోయావు, గుర్తుందా? షిర్డీ నుంచి తిరిగొస్తూ ఎక్కాం. మెట్లు ఎక్కనని ఏడిస్తే మీ బాపు భుజాన ఎత్తుకున్నాడు. గుహ ముందు అడుగున గుహ మొత్తాన్ని మోస్తున్నట్టు బొమ్మలు చెక్కి ఉంటే, వాళ్ళకు నొప్పి పెట్టదా అని అడిగావు. పుణె నుంచి నాసిక్ పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరతారు. అనికేత్‌ను తీసుకుని పో. వరండా వెనక గోడ మీద ఉంటుంది శాసనం, పైకి చూడాలి. దగ్గర్లోనే త్రయంబకం, గోదావరి పుట్టేది అక్కడే, పైఠన్ మీదుగా మన ధర్మపురికి వచ్చేది ఆ నీళ్ళే. టిఫిన్ చేసి పోండి, కొండ దగ్గర ఏం దొరుకుతుందో ఏమో. నీళ్ళ సీసా మర్చిపోకు. బండి మీద మాత్రం పోకండి, ఘాట్ రోడ్డు.

సంక్రాంతికి టికెట్ తీశావా? సినిమా జనవరి 12న అంటున్నారు, ఇక్కడికి వస్తే జగిత్యాలలో కలిసి చూద్దాం, నాకూ చూడాలని ఉంది. అనికేత్ వస్తానంటే తీసుకురా, పై గది ఊడ్చి ఉంచుతా. రాలేకపోతే రాజేశం కొడుకుతో సకినాలు పంపిస్తా, రెండు డబ్బాలు. ఒకటి వాళ్ళింటికి. సంక్రాంతికి వాళ్ళు నువ్వుల ఉండ చేతిలో పెట్టి తియ్యగా మాట్లాడు అంటారట, వాళ్ళమ్మే చెప్పింది. సకినాల్లో కూడా నువ్వులే కదా, నేను ఈసారి ఎక్కువ వేస్తా.

ఈ ఉత్తరం అందగానే ఫోన్ చెయ్. రాత్రి తొమ్మిదిలోపు చెయ్, తర్వాత మీ బాపు మందు వేసుకుని పడుకుంటాడు. ఏ రూములో ఉన్నావో, అక్కడ ఫ్యాన్ కింద పడుకుంటున్నావో ఏమో చెప్పు. నీ పుస్తకాల మధ్య, పాత ప్యాంటు జేబుల్లో రద్దైన పాత 500 నోట్లు ఏమైనా ఉన్నాయేమో బాగా వెతుకు. 30వ తారీఖు లోపు బ్యాంకులో వెయ్యాలి, చివరి రోజు దాకా ఉంచకు, లైన్ ఎక్కువుంటుంది.

మీ అమ్మ