ముందు మంచు, ఆనక వాన, ఆపైన గాలి

ఒరే శీనూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. "కెనడాలో మంచు పడితే హెచ్చరికలేట్రా, పడకపోతే కదా చెప్పాలి" అని పగలబడి నవ్వావు చూడు, అది మా ఆఫీసులో స్పీకర్లో మోగింది. వాళ్ళకి తెలుగు రాదు కాబట్టి బతికిపోయావు. ఈ ఊళ్ళో ఎవరితోనైనా ఆ మాట అని చూడు, టీ ఇచ్చి కూర్చోబెట్టి రెండు గంటలు క్లాసు పీకుతారు. వాళ్ళ బదులు నేనే పీకుతాను. రేపు ఎలాగూ ఎవరూ ఆఫీసుకి రారు. నీకు చదవడానికి ఆదివారం ఉంది, నాకు రాయడానికి ఈ రాత్రి ఉంది.

సంగతేమిటంటే, మా ఊరున్న అవలాన్ ద్వీపకల్పానికి (కెనడా తూర్పు కొసన న్యూఫౌండ్‌లాండ్ దీవిలో ఒక భాగంలే) ఇవాళ సాయంత్రం మూడు హెచ్చరికలు ఒకేసారి వచ్చాయి. రేపు మధ్యాహ్నం నుంచి భారీ మంచు. చీకటి పడ్డాక అది వానగా మారుతుంది. తెల్లవారుజామున గాలి దిక్కు మారి ఉధృతంగా వీస్తుంది, ఆ వెంటనే ఉష్ణోగ్రత సున్నా కిందికి పడిపోతుంది. మూడింటిలో ఏ ఒక్కటి వచ్చినా ఇక్కడి వాళ్ళు లెక్కచెయ్యరు. మూడూ ఈ వరసలో వస్తేనే వాళ్ళ మొహాలు మారతాయి. వరసే అసలు విషయంరా, మిగతాదంతా దాని చుట్టూ తిరిగే కబుర్లే.

నువ్వు కెనడా అనగానే ఊహించుకునేది విన్నిపెగ్ లాంటి ఊరు. అక్కడ జనవరిలో సగటున మైనస్ 16 దగ్గర ఉంటుంది. మంచు పొడిపొడిగా పడి, వసంతం దాకా అలాగే పడుంటుంది. మా సెయింట్ జాన్స్ అలా కాదు. ఉత్తర అమెరికాకి తూర్పు కొస ఇది. మ్యాపు తీసి చూడు, మాకు వాంకూవర్ కంటే ఐర్లండ్ చాలా దగ్గర. మూడు పక్కలా సముద్రం కాబట్టి చలికాలమంతా ఉష్ణోగ్రత సున్నాకి అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. మా కష్టాలన్నీ చలి ఎక్కువై కాదు, చలి చాలక! ఒక డిగ్రీ అటైతే మంచు, ఒక డిగ్రీ ఇటైతే వాన. సరిగ్గా మధ్యలో ఆగిందనుకో, అది అన్నిటికంటే దరిద్రం. పడేటప్పుడు వానే, తగిలిన చోటల్లా గాజులా గడ్డకడుతుంది. కరెంటు తీగలు, చెట్లకొమ్మలు, మెట్లు, కారు తలుపు పిడి, ఏదీ మిగలదు. 1984 ఏప్రిల్లో అలాంటి వాన పడి ఈ ద్వీపకల్పంలో సుమారు 2 లక్షల మంది రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నారు. ఇక్కడ ఎక్కువ ఇళ్ళకి వేడి కూడా కరెంటు హీటర్లతోనే. కరెంటు పోయిందంటే మనలాగా విసనకర్ర వెతుక్కునే వ్యవహారం కాదు మరి.

ఈ తుపానులు పుట్టేది కిందెక్కడో అమెరికా తూర్పు తీరంలో. ఉత్తరం నుంచి లాబ్రడార్ అనే సముద్ర ప్రవాహం ఐసు ముక్కల్ని మోసుకుంటూ చన్నీళ్ళు తెస్తుంది, దక్షిణం నుంచి గల్ఫ్ స్ట్రీమ్ వెచ్చటి నీళ్ళు తెస్తుంది. రెండూ మా గుమ్మం ముందరే, గ్రాండ్ బ్యాంక్స్ అనే సముద్ర ప్రాంతం దగ్గర కలుస్తాయి. ఆ తేడా మీద బలిసి అల్పపీడనం ఒక్కోసారి 24 గంటల్లో 24 మిల్లీబార్లు (గాలి ఒత్తిడి కొలత అది) దిగజారుతుంది. దాన్ని వీళ్ళు 'బాంబు' అంటారు. ఆ తుపాను కేంద్రం మాకు దక్షిణంగా, సముద్రం మీదుగా పోతే మేం చల్లటి పక్కన ఉంటాం, అంతా మంచే. పడమర పక్కనుంచి పోతే వెచ్చటి గాలి మా మీదికొచ్చి అంతా వానే. కేంద్రం కాస్త అటూ ఇటూ జరిగితే జాతకం మారిపోతుంది. అందుకే ఇక్కడ ముసలాళ్ళు ఎన్ని సెంటీమీటర్లు అని అడగరు. "ఎన్నింటికి మారుతుందట?" అని అడుగుతారు. పక్కింటి పెద్దాయన ఇందాక కంచె దగ్గర నన్ను అడిగింది అదే. రాత్రి 9కి మారుతుందట అన్నాను. పెదవి విరిచాడు. "7కే మారుతుంది చూడు నాయనా" అన్నాడు. (ఆయన అన్నది 'మై సన్' అని. ఇక్కడ ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా 'మై లవ్', 'మై డకీ' అని పిలుస్తారు. కొట్లో క్యాషియరమ్మ మొదటిసారి అలా పిలిచినప్పుడు నేను వెనక్కి తిరిగి చూశాను, ఎవర్నా అని.)

మంచు పడ్డాక వాన పడితే కరిగిపోతుంది కదా, మంచిదేగా అని నీకు అనిపిస్తుంది. కరగదురా, పీల్చుకుంటుంది. తడిసిన బియ్యం బస్తాలా అవుతుంది. పార ఎత్తితే నడుం పట్టేస్తుంది. రోడ్డు పక్క కాలవ మూతలన్నీ మంచు కింద ఉంటాయి కాబట్టి నీళ్ళు పోవడానికి దారుండదు, నేరుగా ఇళ్ళ బేస్‌మెంట్లలోకి దిగుతాయి. అది పారబోసే లోపు గాలి పడమరకి తిరిగి చలి వచ్చేస్తుంది. ఆ నీళ్ళు, ఆ మంచు, నువ్వు ఎత్తకుండా వదిలేసిన ప్రతి పారెడూ ఇనుములా బిగుసుకుంటుంది. ఇంక గునపాలు పట్టుకోవాల్సిందే. అందుకే తెలివైనవాళ్ళు మంచు పడుతుండగానే ఒకసారి, వాన మొదలయ్యే ముందు ఇంకోసారి ఎత్తేస్తారు. ముందు వెళ్ళి కాలవ మూత ఎక్కడుందో వెతికి తవ్వుతారు. ఒకేసారి ఎత్తుదాంలే అనుకునేవాళ్ళు మొదటి శీతాకాలం కొత్తవాళ్ళు.

2020 సంగతి నీకు ముక్కలుముక్కలుగానే చెప్పాను. అప్పటికి నేను చదువుకోడానికి వచ్చి నాలుగైదు నెలలు. కనుమ మర్నాడు, జనవరి 17, శుక్రవారం. నలుగురం తెలుగు కుర్రాళ్ళం ఒక బేస్‌మెంటులో ఉండేవాళ్ళం. హెచ్చరిక రెండు రోజుల ముందు నుంచే ఉంది. 'బ్లిజర్డ్' అని వీళ్ళు ఊరికే అనరు. గాలి 40 కిలోమీటర్లు దాటాలి, 400 మీటర్లకి మించి కనపడకూడదు, అలా కనీసం 4 గంటలు ఉండాలి, అప్పుడే ఆ మాట. ఆ రోజు గాలి విసుర్లు 120 దాటాయి. విమానాశ్రయం దగ్గర ఒక్క రోజులో 76.2 సెంటీమీటర్ల మంచు పడింది. అంతకు ముందు రికార్డు 1999 ఏప్రిల్ 5న పడ్డ 68.4. ఈ అంకెలు ఇక్కడ చిన్నపిల్లలకి కూడా కంఠతా వచ్చు.

మధ్యాహ్నానికే మా కిటికీలు తెల్లబడి, సాయంత్రానికి నల్లబడ్డాయి. అంటే పూర్తిగా కప్పబడిపోయాయి. మర్నాడు తలుపు లోపలికి తీస్తే ఎదురుగా ఇంకో తలుపు, మంచుతో పోతపోసినట్టు, పిడి గుంట కూడా అచ్చుపడి ఉంది. మా దగ్గర పార కూడా లేదు. పై ఇంటివాళ్ళు కిటికీలోంచి దూకి, తవ్వుకుంటూ వచ్చి మమ్మల్ని బయటికి లాగారు. బ్యాటరీ అని రేవు మూతి దగ్గర కొండవాలుకి అతుక్కుని కొన్ని ఇళ్ళుంటాయి, అక్కడ మంచుచరియ జారి ఒక ఇంట్లోకి దూరింది. అదే బ్యాటరీలో 1959 ఫిబ్రవరిలో చరియ విరిగిపడి 5 గురు పోయారు. ఈసారి ఎవరికీ ఏమీ కాలేదు.

ఊరంతా అత్యవసర పరిస్థితి, 8 రోజులు. కార్లు రోడ్డెక్కకూడదు, కొట్లు తెరవకూడదు. మాకు దిక్కు మా అమ్మ సంక్రాంతికి పంపిన అరిసెలు, జంతికలు! గుంటూరు కుర్రాడొకడు అరిసెలు లెక్కపెట్టి పంచేవాడు, రేషన్ డీలరుకి మించిపోయాడు. మంగళవారం కొట్లు కొన్ని గంటలు తెరుస్తామంటే ఊరంతా నడుచుకుంటూ వచ్చి వరసలో నిలబడింది. వందల మంది సైనికుల్ని దించారు. తుపాకులు కాదు, పారలు పట్టుకుని ముసలివాళ్ళ ఇళ్ళ ముందు మంచు ఎత్తారు. నాకు సైన్యం మీద గౌరవం ఎక్కువైంది ఆ వారంలోనే.

గాలి సంగతికొస్తే, ఈ దీవికి నైరుతి మూల రెక్‌హౌస్ అని ఒక చోటుంది. ఆగ్నేయం గాలి అక్కడి కొండల మీంచి కిందికి దూకేటప్పుడు వేగం 200 కిలోమీటర్ల దాకా పోతుంది. పూర్వం చిన్న రైలు తిరిగేది, దాని పెట్టెల్ని పట్టాల మీంచి తోసేసేదట. అక్కడ లాకీ మెక్‌డూగల్ అనే ఒక రైతు ఉండేవాడు. గాలి వాసన పట్టి చెప్పేవాడని ప్రతీతి. రైల్వేవాళ్ళు 1939లో ఆయన్ని నెలకి 20 డాలర్ల మీద పెట్టుకున్నారు. ఆయన కబురు పంపితే బండి ఆగాల్సిందే. కాదని పోయిన బండి ఒకటి పెట్టెలతో సహా బోర్లాపడిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1965లో ఆయన పోయాక కొన్నేళ్ళు ఆయన భార్య ఎమిలీ ఆ పని చేసింది. రైలు ఎప్పుడో పోయింది, ఇప్పుడు అదే చోట లారీలు బోర్లాపడతాయి. నాకు ఈ కథ చాలా ఇష్టంరా. ఇప్పుడు గాండర్ అనే ఊళ్ళో వాతావరణ కార్యాలయం ఉంది, ఉపగ్రహాలున్నాయి, సూపర్ కంప్యూటర్లున్నాయి. కానీ ఒక్క మనిషి చెబితే రైలు ఆగింది చూడు, అంత మాట చెల్లుబాటు ఏ యంత్రానికీ లేదు. ఈరోజుకీ మా ఆఫీసులో హెచ్చరిక వచ్చి ఫోను మోగిన ప్రతిసారీ సగంమంది చూడకుండానే నొక్కేస్తారు.

2025 నవంబరు నుంచి ఇక్కడ కూడా మన దగ్గరలాగే రంగులు పెట్టారు, పసుపు, నారింజ, ఎరుపు. ఎన్ని సెంటీమీటర్లన్నది ఒక్కటే కాదు, దాని వల్ల ఎంత నష్టం, ఎంత నమ్మకంగా చెప్పగలం అన్నది చూసి రంగు వేస్తారట. ఆలోచన మంచిదే. చిక్కల్లా ఎక్కువసార్లు పసుపే వస్తుంది, నాలుగు పసుపులు చూశాక ఐదోదాన్ని ఎవడు చదువుతాడు?

భీమిలిలో మన చిన్నప్పుడు నయం. రేడియోలో "విశాఖపట్నం ఓడరేవులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగురవేశారు, మత్స్యకారులు వేటకు వెళ్ళరాదు" అని చదివితే మీ నాన్నగారు నంబరు విని ఒక్క నిమిషంలో తేల్చేసేవారు. 3 అంటే పడవలు పైకి లాగడం, 7 దాటితే పిన్నిని, పిల్లల్ని ఊళ్ళోకి పంపడం, 10 అంటే ఇంక మాటల్లేవు. ఆపైన 11 కూడా ఉందని, అంటే తుపాను కార్యాలయంతో సంబంధాలే తెగిపోయాయని అర్థమని ఆయనే చెప్పారు. ఆ వయసులో నాకు భయం పుట్టించింది పది కాదు, పదకొండే. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన వచ్చి పది వేల మందికి పైగా పోయారే, అది తలుచుకుంటే ఆ పదకొండుకి అర్థం ఇంకా బాగా తెలుస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ 180 కిలోమీటర్ల గాలితో నేరుగా విశాఖ మీదికే వచ్చింది. విమానాశ్రయం పైకప్పు ఎగిరింది, కొండల మీద చెట్టు మిగల్లేదు. కానీ ముందే లక్షల మందిని తరలించారు కాబట్టి మనుషులు మిగిలారు. మనం ఆ రాత్రి మీ మేడ మెట్ల కింద కూర్చుని పేకాడాం, గుర్తుందా? నాకు రావాల్సిన డబ్బులు ఇంకా నీ దగ్గరే ఉన్నాయి.

ఇక్కడ సముద్రం మీద పని చేసేవాళ్ళకి ఆ భయం ఇంకా పోలేదు. 1982 ఫిబ్రవరి 15న ఓషన్ రేంజర్ అనే చమురు రిగ్గు తుపానులో మునిగి 84 మంది, ఉన్నవాళ్ళంతా పోయారు. ఫిబ్రవరిలో గాలి హెచ్చరిక వచ్చిందంటే ఏదో ఒక ఇంట్లో ఆ పేరు వినపడుతుంది. వాన కూడా తక్కువది కాదు. 2010 సెప్టెంబరులో ఇగోర్ తుపాను వచ్చినప్పుడు 200 మిల్లీమీటర్లకి పైగా కురిసి రోడ్లు, వంతెనలు కొట్టుకుపోయి ఊళ్ళకి ఊళ్ళే విడిపోయాయి. 2022లో ఫియోనా తుపాను వచ్చి పోర్ట్ ఓ బాస్క్‌లో వంద దాకా ఇళ్ళని అలలు మింగేశాయి. అదే ఊరికి మాకు సరుకులు తెచ్చే ఓడలు వచ్చేది. గాలి హెచ్చరిక రాగానే ఓడ ఆగిపోతుంది, ఓడ ఆగితే మూడో రోజుకి కొట్లో కూరగాయల అరలు ఖాళీ. ఇవాళ కొత్తిమీర కోసం వెళితే మిగిలింది ఒక్క ముల్లంగి, అది కూడా నావైపు అదోలా చూసింది. చిప్స్ అర మాత్రం పూర్తిగా ఖాళీ. తుపాను ముందు చిప్స్ కొనడం ఇక్కడ ఆచారం, మనకి అమావాస్యకి గుమ్మడికాయలా.

సరే, నా ఏర్పాట్లు చెప్పి ముగిస్తాను. స్నానాల తొట్టి నింపాను. పులిహోర కలిపాను, అది రెండు రోజులైనా నిలవుంటుంది. పారలు లోపల పెట్టాను, బయట పెడితే పారని తవ్వడానికి ఇంకో పార కావాలి. కారు ఇంటి ముందుకి జరిపాను, రాత్రి రోడ్డు మీద ఉంటే మంచు తోసే బండ్లకి అడ్డమని ఫైను వేస్తారు. బయటి పొగగొట్టాల చుట్టూ మంచు పేరుకోకుండా చూసుకోవాలి, అవి మూసుకుపోతే పొగ లోపలే ఉండిపోయి ప్రాణం మీదికి వస్తుంది. కాలవ మూత ఎక్కడుందో కర్ర పాతి గుర్తు పెట్టాను. పక్కింటాయన అది చూసి తలూపాడు, ఈ ఊళ్ళో నాకు దొరికిన పెద్ద సర్టిఫికెట్ అది.

నీకో పని. నీకూ నాకూ ఈ చలికాలం సరిగ్గా 9 గంటల తేడా. ఎల్లుండి నాకు రాత్రి 9 అంటే నీకు మర్నాడు ఉదయం 6. ఆ టైముకి నా ఫోను కలవకపోతే కరెంటో టవరో పోయిందనుకో, అంతే. మా అమ్మకి ఫోన్ చేసి, వాడు బాగానే ఉన్నాడు, పులిహోర తింటున్నాడు అని చెప్పు. మంచు, వాన, గాలి అని వివరాలు చెప్పకు, టీవీ పెట్టి కూర్చుంటుంది. చెల్లెమ్మని అడిగానని చెప్పు. పేకాట డబ్బులకి వడ్డీ లెక్కకట్టి ఉంచు.

నీ,
రాజు